మంచు పడని ఊరు

మొన్న బాపట్ల నుంచి ఫోన్ వచ్చింది. మా పెదనాన్నతో పాటు మిలిటరీలో పనిచేసి చైనా యుద్ధంలో చనిపోయిన ఆయన స్నేహితుడి తమ్ముడి కొడుకు చేశాడు. సమాధుల పండక్కి సున్నం వేయిస్తున్నారట, రాతి మీద అక్షరాలు అరిగిపోయాయట. "అత్తయ్యగారూ, చనిపోయిన చోటని ఏదో ఊరి పేరుంది కదండీ, అది మీరు చెప్పిందేనంట. మళ్ళీ ఒకసారి చెప్తే రంగేయిస్తానండి" అన్నాడు. రేపు చెబుతానని పెట్టేశాను. పెదనాన్న పోయి నెల కూడా కాలేదు.

ఆయన ఆ యుద్ధంలో రెండు కాలివేళ్ళు మంచుకు పోగొట్టుకుని మా ఊరు పెనుమూడి తిరిగొచ్చి, ఎనభై దాటేదాకా వరి, మినుము పండించారు. తడి గట్టు మీద మూడు వేళ్ళ అడుగు కనిపిస్తే ఆయన పొలం వెళ్ళారని మాకు తెలిసేది. చదువు సంతకం మటుకే. వెనక్కి తగ్గుతూ దారి తప్పి నడిచిన రోజుల్లో, గడ్డకట్టిన నేల తవ్వలేక, ఒక వాగు పక్కన స్నేహితుణ్ణి రాళ్ళు పేర్చి కప్పి వచ్చారు. ఆ చోటి పేరు ఆయనకు తెలియదు.

బాపట్లలో ఆ స్నేహితుడి తల్లి, పండగనాడు కొవ్వొత్తి వెలిగించుకోవడానికి ఒక చోటంటూ ఉండాలని, కొడుకు చొక్కా పెట్టి సమాధి కట్టించింది. రాతి మీద మాత్రం కొడుకు నిజంగా ఉన్న ఊరి పేరే ఉండాలని పట్టుబట్టింది. "వాడిక్కడ లేడని దేవుడికి తెలుసు నాయనా, చూసేవాళ్ళకి తెలియొద్దా?" అందట.

ఆ పని నా మీద పడింది. ఎనిమిదో తరగతితో బడి మానేసి, రేపల్లె లైబ్రరీలో బీరువా తర్వాత బీరువా చదువుకుంటూ పోయే రోజులవి. "దీనికి మొగుణ్ణి వెతక్కండి, ఓ పుస్తకాల బీరువా కొనిపెట్టండి చాలు" అనేది పెద్దమ్మ. ఆ ఎగతాళి కూడా నాకు బిరుదులాగే ఉండేది. పెదనాన్న చెప్పిన గుర్తులు, వాగు మలుపూ ఎదురుగా జంట కొండలూ, అట్లాసులో రోజుల తరబడి వెతికి, దొరకలేదని చెప్పడానికి నామోషీ వేసి, ఆయన్ను లైబ్రరీకి తీసుకెళ్ళి ఒక పేరు మీద వేలు పెట్టాను.

"ఇది వాగుకి అవతల కదమ్మాయ్, మేం దాటలేదే" అన్నారాయన. మళ్ళీ తనే, "పుస్తకంలో ఉందంటే నేనే మర్చిపోయుంటాలే" అన్నారు.

రాయి చెక్కించారు. రెండేళ్ళ తర్వాత తెనాలి లైబ్రరీలో ఒక యాత్రికుడు రాసిన పుస్తకం దొరికింది. ఆ ఊరు కొండల కింద, అరటి తోటల మధ్య ఉందట. అక్కడ మంచు పడదట.

ఆ తర్వాత కూడా ఏటా పెదనాన్నతో బాపట్ల వెళ్ళాను. తెనాలిలో దిగి రెండో బండి కోసం కూర్చున్నంతసేపూ చెప్పేద్దామనే అనుకునేదాన్ని. ఆ తల్లికిచ్చే మినుముల సంచి ఒళ్ళో పెట్టుకుని ఆయన పట్టాల వైపు చూస్తూ ఉండేవారు. తప్పని చెబితే సరా, దాని బదులు ఏ పేరు ఇవ్వను? సమాధి దగ్గర ఆమె పక్కవాళ్ళందరికీ ఆ పేరు చెప్పుకునేది. "మా అమ్మాయే తీసింది పుస్తకాల్లో" అని పెదనాన్న నన్ను చూపించేవారు. ఆమె ఆ పేరుతోనే పోయింది. ఆఖరి రోజుల్లో ఆ మూడు వేళ్ళ పాదానికి నూనె రాస్తుంటే పెదనాన్న, నేను నేర్పిన పేరే పలికి, "ఎంత మంచు అనుకున్నావే ఆ ఊళ్ళో" అన్నారు. నేను నూనె రాస్తూనే ఉన్నాను.

మర్నాడు ఆ అబ్బాయికి అదే పేరు చెప్పాను. రాసుకుని, థాంక్సండీ అన్నాడు.

ఒక్క అట్లాసు కోసం బల్ల దగ్గర వంతు కాచుకున్న మన తరానికి వింతే గానీ, ఇప్పుడు ఫోన్లో వేలితో జరిపితే ఆ కొండల్లో ప్రతి వాగూ, ప్రతి మలుపూ రాళ్ళతో సహా కనిపిస్తోంది. మొన్నటి నుంచి ఒక్కొక్కటే చూస్తున్నాను. జంట కొండలున్న మలుపులు చాలానే ఉన్నాయి. ఈ ఫోన్ నా చేతికొచ్చేనాటికే పెదనాన్నకు చూపు పోయింది.