కారని జాయింటు

వీధిలో అందరూ ఆయన్ని చేపల మేస్త్రీ అంటారు. చేసేది ప్లంబింగు పని. పైపు బిగించాక జాయింటు మీద బొటనవేలు రాసి, ఆ వేలు చెంపకి ఆనించుకుని తడి చూసుకుంటాడు. ఆయన వేసింది కారిందని ఇంతవరకూ ఎవరూ ఫోన్ చేయలేదు. ముందుగదిలో ఉప్పునీళ్ల తొట్టి, అందులో రెండు నారింజరంగు చేపలు. ఆదివారం వస్తే నీళ్లు మార్చడమే మొగుడూపెళ్లాలకి పెద్ద పని. ఆయన పాత నీళ్లు తోడితే ఆవిడ బకెట్లు మోసి పారబోసేది, కొత్త నీళ్లలో ఉప్పు కలిపేది. "సముద్రాన్ని ఇల్లంతా పారిస్తున్నావేంటే?" అనేవాడు. "మోసి చూడండి, తెలుస్తుంది" అనేది. వారం మొత్తమ్మీద వాళ్ల కబుర్లు అవే.

ఆవిడకి నడుం పట్టేసింది. పాపం మోయలేకపోతోందని తొట్టి నుంచి స్నానాలగదికి పైపు వేశాడు, ఉప్పునీళ్ల డ్రమ్ముకి మోటారు పెట్టాడు. వాల్వు తిప్పితే చాలు, నీళ్లు వాటంతటవే మారిపోతాయి. ఆవిడ పక్కగదిలో టీవీ ముందు కూర్చుంటోంది. మొన్న ఆదివారం ఆయన స్పానరుతో తన జాయింటును తనే కాస్త వదులు చేసి, "ఏమేవ్, కారుతోంది! బకెట్టు పట్టుకురా" అని కేకేశాడు. "మీరు వేసింది కారడమేంటండీ?" అంటూ వచ్చి, చుక్కల కింద బకెట్టు పెట్టింది. ఆయన చేతిలో స్పానరు చూసింది. వెళ్లి టీవీ సౌండు పెంచింది. బకెట్టు నిండాక ఆయనే మోసుకెళ్లి పారబోశాడు. జాయింటు మళ్లీ బిగించి, అలవాటుగా వేలు చెంపకి ఆనించుకున్నాడు. తడి లేదు.