ఐలీన్ అడిగి తెచ్చుకున్న అరగంట

మొరాగ్ కాచే కస్టర్డ్‌లో సోమవారం గరిట నిలబెడితే శుక్రవారం దాకా ఒరగదని స్కాట్లండ్‌లోని డండీ ఊళ్లో ఒక హైస్కూలు పిల్లలు ఒట్టేసి చెబుతారు. ఆ హైస్కూలు వంటింట్లో, ఆవిడ చేతికింద, ఐలీన్ మగైర్ ఏళ్ల తరబడి పళ్లేలు అందిస్తూ వచ్చింది. కూతురు బ్రైడీ చదివేదీ అక్కడే. తల్లి జీతం తక్కువ గనక పిల్లకు మధ్యాహ్నం భోజనం ఉచితం. రాత్రికి ఇంట్లో పొయ్యి వెలిగినా వెలగకపోయినా, పగలు మాత్రం బిడ్డ కడుపు నిండేది. ఐలీన్‌కు ఉన్న ధైర్యమల్లా అదే.

వేసవి సెలవుల ముందు, పొద్దున్నే పాలూ రొట్టే వడ్డించే ఆవిడ పని మానేసింది. ఆ అరగంట పని తనకిమ్మని ఐలీన్ వెళ్లి మొరాగ్‌ని అడిగింది.

"ఆ అరగంట నీదేనే," అంది మొరాగ్. "మొహం అలా వేలాడేస్తావేం? జీతం పెంచుతున్నా, శవాన్ని మొయ్యమనట్లేదు."

ఐలీన్ ఆ ఆదివారం సెయింట్ ఆంథొనీకి కొవ్వొత్తి వెలిగించింది. పోయిన తాళాలు వెతికిపెట్టడంతోనే సరిపోయే ఆ మహానుభావుడు, పాపం, ప్రభుత్వ నిబంధనలు చదివి ఉండడు.

ఆగస్టులో, ఏటా లాగే, ఉచిత భోజనానికి మళ్లీ దరఖాస్తు పెట్టింది. జీతం గీత దాటింది, ఇక కుదరదన్నారు. ఎంత దాటింది? ఆ అరగంటంత. పైగా చిన్న జీతాలవాళ్లకు నెలనెలా వచ్చే భృతిలోంచి, పెరిగినదాంట్లో సగానికి పైగా కోసేశారు. ఇంటిపన్ను రాయితీ తగ్గి ఇంకొంచెం కొరికింది. మిగిలింది బ్రైడీ భోజనాలకు చాలదు.

ఐలీన్ భృతి ఆఫీసుకు పోయింది. అక్కడి కుర్రాడు మర్యాదస్థుడు, కుర్చీ కూడా చూపించాడు.

"ఆ అరగంట నాకొద్దు బాబూ, వెనక్కిచ్చేస్తా."

"ఇచ్చేయండి మేడమ్. చేతులారా పని తగ్గించుకున్నారని మీ భృతి ఆపేస్తారు, అంతే."

"మరి నా పిల్ల ఏం తినాలి?"

"అది స్కూలువాళ్లని అడగాలండీ."

"నేనే స్కూలువాళ్లని!"

కుర్రాడు కంప్యూటర్‌లో తలదూర్చాడు.

వంటింటి పనివాళ్లకు పూటకో పళ్లెం భోజనం ఉంటుంది. అక్కడే తినాలి, ఇంకొకరికి పెట్టకూడదు, మిగిలితే చెత్తబుట్టలో వెయ్యాలి. ఇదివరకు అలా పెట్టే ఒకావిడ ఉద్యోగం పోగొట్టుకుంది. అయినా ఆ మంగళవారం ఐలీన్ కూతుర్ని వెనక తలుపులోంచి లోపలికి లాగి, బంగాళాదుంపల బస్తాల చాటున కూర్చోబెట్టి, తన కీమా పళ్లెం చేతిలో పెట్టింది.

"మరి నువ్వమ్మా?"

"వండుతూ తినేశా."

"నువ్వు వండవుగా, వడ్డిస్తావు."

"వడ్డిస్తూ తినేశా. నోరు మూసుకుని తిను."

"మూసుకుని ఎలా తింటారే? ఏదో ఒకటి చెప్పు."

అడుగుల చప్పుడైంది. ఐలీన్ బస్తాలకు అడ్డంగా వచ్చి, ఏప్రన్ విప్పార్చి దులపడం మొదలుపెట్టింది. మొరాగ్ లోపలికి వచ్చి నిలబడింది. సరిగ్గా అప్పుడే ఐలీన్ కడుపు, టే నది మీది రైలు వంతెన అదిరినట్టు గుర్రుమంది.

"ఏమిటే ఆ చప్పుడు?"

"గిన్నెలు కడిగే మెషీన్ అక్కా."

"అది నేను ఆపేసి పావుగంటైంది."

బస్తాల వెనక చెంచా ఠక్కున ఆగింది. మొరాగ్ అటు చూసింది, ఇటు చూసింది. వెళ్లి ఖాళీ మెషీన్‌ను మళ్లీ ఆన్ చేసింది.

"ఇవాళ్టికి అది మెషీనే," అంది. "రేపట్నించి నా కళ్లముందు కూర్చుని తిను. నీ పళ్లెం ఖాళీ అయ్యేదాకా నేను కదలను. నా ఉద్యోగమూ ఉండాలిగా తల్లీ."

ఆ హోరులో ఐలీన్ సరేనంది.