బావ లేచి నడిచిన వేలం

మామిడి తోటల వాళ్ళకి గుర్రాలెందుకని నూజివీడులో అడగనివాళ్ళు లేరు. మా ఆయనైతే ఆ మాటెత్తితే చాలు, కంచం ముందు నుంచి కూడా లేచిపోయేవారు. నిజానికి గుర్రం నాకూ అక్కర్లేదు. అన్నయ్యకి కావాలి, అంతే. చిన్నప్పుడు బస్టాండు దగ్గర జట్కా గుర్రాల ముందు పొద్దస్తమానం నిలబడి, నాన్న చేత చెవి మెలిపెట్టించుకున్న మనిషి. నోరు తెరిచి ఎవరినీ ఏదీ అడిగిందే లేదు. అరవై దాటాక ఒకరోజు మా ఇంటికొచ్చి, కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, "ఒక్క గుర్రమైనా నాది అనిపించుకుని పోవాలనుందే" అన్నాడు. ఆ మాటకి కాదని ఎవరనగలరు?

ఒక్కడు మోయలేని బరువని ముగ్గురం కలిశాం. అన్నయ్య, నేను, రెడ్డిగూడెంలో ఉండే మా మేనబావ. పందేలకి తయారుచేసే ట్రైనర్ దగ్గర హైదరాబాదులో గుర్రాన్ని ఉంచుతాం, ఖర్చయినా గెలుపయినా మూడు వాటాలు. అదీ అనుకున్నది.

ఇంకా పందెంలో పరిగెత్తని రెండేళ్ళ గుర్రప్పిల్లల వేలం అది. చూసుకోడానికి ముందురోజే హైదరాబాదు వెళ్ళాం. ట్రైనర్ మమ్మల్ని గుర్రపు సాలలన్నీ తిప్పి, మోకాళ్ళు ఎలా ఉండాలో, నడక ఎలా ఉండాలో ఓపిగ్గా చెబుతున్నాడు. చూస్తే అన్నయ్య లేడు. వెనక్కి వెళ్ళి వెతికితే ఒక ఎర్రటి ఆడ గుర్రప్పిల్ల ముందు నిలబడున్నాడు. పక్కవాటికంటే కాస్త పొట్టి. అది అన్నయ్య భుజం మీద తువ్వాలు పళ్ళతో పట్టుకుని లాగుతోంది. అన్నయ్య రెండో కొస పట్టుకుని నవ్వుతున్నాడు. వదిన పోయాక అన్నయ్య మొహంలో అంత నవ్వు నేను చూడలేదు. మధ్యాహ్నం భోజనానికి రమ్మంటే "మీరు తినిరండి, నేనిక్కడే ఉంటా" అన్నాడు.

మా వైపు ఒక పద్ధతుంది. తోట కాపు గుత్తకి మాట్లాడుకునేటప్పుడు, ఆ తోట మీద మనసు పారేసుకున్నవాణ్ణి బేరంలో కూర్చోనివ్వరు. వాడి మొహం చూసి అవతలివాళ్ళు ధర బిగించేస్తారని భయం. వాణ్ణి టీకొట్టుకి పంపేసి ఇంకొకరు మాట్లాడతారు. మా రెండు కుటుంబాల్లో ఆ ఇంకొకరు ఎప్పుడూ బావే. చివరి మాట చెప్పేసి, తువ్వాలు దులిపి భుజాన వేసుకుని లేచి నడుస్తాడు. వెనక్కి తిరిగి చూడడు. తోట గేటు దాటేలోపు మధ్యవర్తి పరిగెత్తుకుంటూ వచ్చి చెయ్యి పట్టుకుని "ఏంటండీ మీరు, రండి రండి" అని లాక్కెళ్తాడు. బావ బేరం చూడాలంటే ఆ నడక చూడాలి.

మర్నాడు అదే పద్ధతిలో అన్నయ్యని క్యాంటీనుకి పంపేశాం. వెళ్ళాడు. గుమ్మం దగ్గర మాత్రం ఆగి, "నా వాటా ఎంత పెరిగినా ఫర్వాలేదని బావకి చెప్పు" అన్నాడు. చెప్పాను. "నాకు బేరం నేర్పుతావేంటి, కూర్చో" అన్నాడు బావ.

ఎర్రపిల్ల వచ్చింది. గుర్రాల్ని చూసుకునే సైసు దాన్ని గుండ్రంగా తిప్పుతుంటే జనంలోకి చూస్తూ నడుస్తోంది. బావ చెయ్యెత్తాడు. ఇంకో నలుగురు ఎత్తారు. పెరిగిన కొద్దీ ఒక్కొక్కరే మానుకుని, చివరికి ముందు వరసలో ఒకాయన, బావ మిగిలారు. ఆయన పెంచాడు, బావ పెంచాడు. ఆయన మళ్ళీ పెంచాడు. అప్పుడు బావ తల అడ్డంగా ఊపి, తువ్వాలు దులిపి, భుజాన వేసుకుని లేచాడు.

"బావా, కూర్చో" అన్నాను. నా వైపు చూసి కన్ను కొట్టి, తలుపు వైపు నడిచాడు, తాపీగా, తోటలో నడిచినట్టే. వేలం పాడేవాయన మా వరస వైపు చూసి ఒకసారి అడిగాడు. ఇంకోసారి అడిగాడు. నేను చెయ్యెత్తొచ్చు. వాటా నాకూ ఉంది. కానీ మగవాళ్ళు బేరమాడుతుంటే మధ్యలో తలదూర్చకుండా పెరిగిన ఒళ్ళు కదా, ఆ చెయ్యి లేవలేదు. సుత్తి పడింది. తలుపు దగ్గర బావ వెనక్కి తిరిగి, "ఎవరూ రాలేదేంటి?" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎన్నన్నానో ఇప్పుడు రాయలేను. పాపం, బావ మొహం కూడా చచ్చిపోయింది. తనే క్యాంటీనుకి వెళ్ళి ఉన్నదున్నట్టు అన్నయ్యతో చెప్పాడు. లేచి నడిచాను బావా, పిలుస్తారనుకున్నాను, అని. అన్నయ్య కాసేపు టీ గ్లాసులోకి చూసి, పగలబడి నవ్వాడు. "నీకోసం పరిగెత్తుకు రాడానికి అదేమన్నా మన మార్కెట్ యార్డా బావా" అన్నాడు. ఆ సాయంత్రం బావే ఏరి ఒక మగ గుర్రప్పిల్లని పాడాడు. ఈసారి కుర్చీలోంచి కదల్లేదు. అన్నయ్య మంచి పిల్లేనన్నాడు, తన వాటా డబ్బు ఇచ్చేశాడు.

ఊరొచ్చాక ఆ కథ మాకు పెద్ద కాలక్షేపమైంది. కోతల దగ్గర, పెళ్ళిళ్ళలో, ఎక్కడ నలుగురు కూడినా బావే లేచి నడిచి చూపించేవాడు. అందరికంటే గట్టిగా నవ్వేది అన్నయ్యే. మర్చిపోయాడనుకున్నాను. మర్చిపోయాడనుకుంటే నాకు హాయిగా ఉండేది, అందుకని అనుకున్నాను.

మరుసటి ఏడాది చలికాలంలో మా మగపిల్ల, ఆ ఎర్రపిల్ల ఒకే పందెంలో పడ్డాయి. ముగ్గురం వెళ్ళాం. మావాడు గెలిచాడు. బావ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. గెలిచిన గుర్రాన్ని యజమానులే కళ్ళెం పట్టుకుని నడిపించుకొస్తారు, ఫోటో తీస్తారు. అన్నయ్య కోసం చూశాం. లేడు. ఫోటోగ్రాఫరు తొందర పెడితే బావా నేనూ నిలబడ్డాం.

తర్వాత వెతుక్కుంటూ వెళ్తే కంచె చివర ఉన్నాడు. అవతల ఎర్రపిల్లకి సైసు నీళ్ళు పోసి ఒళ్ళు తుడుస్తున్నాడు. దాని యజమాని, ఆనాటి ముందు వరస ఆయనే, అన్నయ్యతో మాట్లాడి అప్పుడే వెళ్తున్నాడు.

"మనది గెలిచింది అన్నయ్యా."

"అవునా, మంచిది" అన్నాడు. పందెం చూడనే లేదు. చూసింది దాన్నొక్కదాన్నే. "ఐదోదిగా వచ్చింది. చివర్లో ఎలా పుంజుకుందో చూశావా?"

నేను చూడలేదు. ఆయనేమన్నాడని అడిగాను.

"ఆ రోజు సంగతే. తన చేతిలో ఉన్న డబ్బు అంతేనట. మీ వాళ్ళు ఇంకొక్కసారి చెయ్యెత్తి ఉంటే వదిలేసేవాణ్ణండీ అన్నాడు."

నాకు ఏడుపొచ్చింది. ఆ ఒక్క చెయ్యి బావదే కానక్కర్లేదు కదా. క్షమించమని నోటిదాకా వచ్చింది. ఈలోపు అటు నుంచి బావ చేతులూపుకుంటూ మా వైపు వస్తున్నాడు, మొహమంతా నవ్వు.

"ఈ మాట బావతో అనకు" అన్నాడు అన్నయ్య మెల్లిగా. "ఇక నవ్వలేడు."

కళ్ళు తుడుచుకుని, నాలుగడుగులు ఎదురెళ్ళి, "గెలిపించావు కదయ్యా బావా" అని బావని కౌగిలించుకున్నాడు.