కోట బారు వెళ్ళిన మనిషి

మరిడమ్మకి అనుమానం పుట్టుకతోనే వచ్చింది. మలయా దేశంలో అలోర్ సెతార్ ఊరి దగ్గర తోటలో రబ్బరు పాలు గీసేది. గుమాస్తా తూకం ముల్లు చూస్తుంటే, ఆవిడ గుమాస్తా చెయ్యి చూసేది. అయినా ఆవిడనేం అంటాం? తెల్లదొరలు పెట్టిన ఎమర్జెన్సీ రోజులాయె. కూలి లైన్ల ఇళ్ల చుట్టూ ముళ్లకంచె, గేటు దగ్గర సోదా. అడవిలో దాక్కున్న కమ్యూనిస్టులకి పోతుందేమోనని అన్నం మూట కూడా బయటికి పోనిచ్చేవారు కాదు. అంతా అందరినీ అనుమానిస్తుంటే ఈవిడొక్కతే నమ్మి కూర్చుంటుందా!

మొగుడు సుప్పయ్యకి విమానాల మైదానంలో సామాన్లెత్తే పని దొరికింది. ఓ పొద్దున, "ఇమానంలో కోట బారు ఎల్తన్నానే. సామాను దింపేసి సాయంత్రానికొచ్చెత్తాను" అన్నాడు.

మనిషి ఊరికెళ్తే, అక్కడికి చేరేదాకా ఇల్లు ఊడవకూడదు, ఊడిస్తే ఆ మనిషికి కీడు. అది మరిడమ్మ తల్లి నేర్పిన పద్ధతి. దేశానికి అటు కొసనున్న కోట బారు ఎంత దూరమో ఆవిడకి తెలీదా? మధ్యలో అన్నీ అడవి కొండలు. అన్న గంగయ్య సయాం మీదుగా రైలెక్కి రెండు రోజులకి చేరినాడు. అందుకే చీపురు మూల పడేసింది. సాయంత్రానికల్లా మొగుడు గుమ్మంలో!

"గంటే పట్టిందే, నమ్ము."

"గంటా? నానన్నం వొండి దించీలోగా కోట బారు ఎల్లిపోనావా? ఎవులికి సెప్తావు మావా!"

రెండోసారీ అంతే. పైగా పాలు గీసే చోట పోలమ్మ కన్ను గీటింది. "మైదానం పక్కనే మీనాచ్చి అప్పాల కొట్టుందిలే, వదినా" అంది. మరిడమ్మకి ఒళ్లు భగ్గుమంది.

మూడోసారి మెర్డెకా వారం, అంటే దేశానికి స్వాతంత్ర్యం వచ్చే వారం. జెండాల మూటలు కోట బారు చేర్చాలన్నాడు సుప్పయ్య. అతనింకా గేటు దాటలేదు, ఆవిడ చీపురు తీసింది. "ఎల్లేది అప్పాల కొట్టుకేగా!" అని మూలమూలా ఊడ్చి, చెత్త తీసుకెళ్లి గేటు బయట గుంతలో పోసింది.

ఆ సాయంత్రం అతను రాలేదు.

పొద్దున్నే కొంగు బిగించి బస్సెక్కింది, ఇద్దర్నీ ఒక్కచోటే పట్టుకుందామని. తీరా చూస్తే మీనాచ్చి నోట్లో పన్నులేని ముసలిది.

"సుప్పయ్య పెళ్లానివా? కూచో అమ్మా. నిన్న కొండల మీద పెద్ద వాన. విమానం చేరిందో లేదో ఎవరూ చెప్పడం లేదు" అంది.

ఓలమ్మో! నా చేత్తో నేనే ఊడ్చేశానే అనుకుంది మరిడమ్మ. ఎలా తిరిగొచ్చిందో ఆవిడకే తెలీదు. గుంతలో కూచుని రెండు చేతులా ఆ చెత్త ఏరింది. ఎండాకులు, బొగ్గు ముక్కలు, తన తల వెంట్రుకలు. ఏడుస్తూ కొంగులో మూటగట్టింది. గేటు దగ్గర పోలీసు ఆ మూట విప్పించి, చెత్తలో వేలు పెట్టి కెలికి, ఆవిణ్ణి ఎగాదిగా చూసి వదిలాడు. చెత్తంతా ఇంట్లో ఎక్కడిదక్కడ జల్లింది. దేవుణ్ణి మోసం చేస్తున్నానని తెలుసు. అయినా జల్లింది.

రెండు రోజులు తిండీ నీళ్లూ లేవు. ఆ మర్నాడు మధ్యాహ్నం సుప్పయ్య వచ్చాడు, చొక్కా నిండా రైలు మసి, చేతిలో కాగితం జెండా.

"దిగినప్పుడు సక్రం ఇరిగి ఇమానం ఆడే ఉండిపోనాది. సయాం రైల్లో తోలినారు" అన్నాడు. తర్వాత నేల చూశాడు. "ఏటే ఈ సెత్త? ఇల్లూడవనేదా?"

మరిడమ్మ అతని గుండెల మీద గుద్దింది. గుద్దుతూనే భోరుమంది.

"నువ్వు కోట బారు ఎల్లినావు గదా మావా. ఎలాగూడుత్తాను?"

సుప్పయ్య నవ్వబోయి, ఆవిడ గోళ్ల నిండా ఉన్న మట్టిని అనుమానంగా చూశాడు.