తెల్ల గీత బయట

ఆ రోజు నా భార్యను నేను నమ్మలేదు. ఆ తప్పు పూర్తిగా నాదే.

సునీత బాస్కెట్‌బాల్ ప్లేయర్. ఆ ఆటతోనే ఉద్యోగం తెచ్చుకుంది. పాప పుట్టాక, "ఇక ఆట చాలు" అన్నాను. ఆమె ఆట మానేసింది. కొన్నాళ్లకు వాకింగ్ అంటూ పొద్దున్నే వెళ్లడం మొదలుపెట్టింది. ఒకసారి కూరగాయల సంచీలో దాచిన ఆమె బూట్లు కనిపించాయి. ఇంకోసారి ఫోన్లో ఒక మగ గొంతు, "రేపు లేట్ చేయకు" అనడం విన్నాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పొద్దున సీతాఫల్‌మండిలోని మా ఇంటి నుంచి ఆమె ఆటో వెనకే బండి మీద వెళ్లాను. మెట్టుగూడ గ్రౌండులో ఆమె చుట్టూ అందరూ మగవాళ్లే. ఒకడు భుజంతో ఆమెను గట్టిగా నెట్టాడు. నేను కోర్టులోకి ఉరికి ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"ఏందీ వేషాలు? నడు ఇంటికి!"

విజిల్ మోగింది. "ఎవరయ్యా నువ్వు? సెలెక్షన్ నడుస్తుంటే లోపలికొస్తవా?" అని కోచ్ అరిచాడు. ఫోన్లో విన్న గొంతు అదే. ఆఫీసు జట్టు కోసం, కాన్పు తర్వాత ఆమె తోపులాటకు తట్టుకోగలదా అని మగవాళ్లతో ఆడించి చూస్తున్నారట.

"మా ఆయన సార్," అంది సునీత, తల దించుకుని. ఆ రోజు ఆమెను జట్టులోకి తీసుకోలేదు.

సాయంత్రం నేనే కోచ్ ఇంటికి వెళ్లాను. "తప్పు నాది సార్. ఆమెకు ఇంకో చాన్సియ్యండి."

"ఇస్తా. నువ్వు మాత్రం గీత దాటకు."

మళ్లీ సెలెక్షన్ పెట్టిన రోజు పాపను ఎత్తుకుని కోర్టు చుట్టూ ఉన్న తెల్ల గీత బయట నిలబడ్డాను. సునీత ఒకసారి కింద పడింది. నా కాలు ముందుకు పోబోయింది, ఆపుకున్నాను. ఆమె తనే లేచి ఆడింది, జట్టులోకి వచ్చింది.

ఇప్పుడు పొద్దున పాప పని నాది. సునీత బూట్లు సంచీలో ఉండవు. గుమ్మం దగ్గర, నా చెప్పుల పక్కన ఉంటాయి.