తిట్టుకో అడుగు

నాకు కోపిష్టి రోగులంటే ఇష్టం. పక్షవాతం వచ్చినవాళ్ళకి మళ్ళీ నడక నేర్పడం నా పని. "మీ దయ అమ్మా, మీరెలా చెబితే అలాగే" అనే మెతక మనుషులు మంచాన్ని అంత తొందరగా వదలరు. ఎవరి మీదో పళ్ళు నూరేవాళ్ళే ముందు లేస్తారు. ఇది నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు, మా పెద్ద డాక్టరుగారు వింటే ఒప్పుకోరు కూడా.

ఇస్త్రీ అక్క పళ్ళు నూరే రకం. మెయిన్ రోడ్డు మీద ఇస్త్రీ షాపు ఆవిడది. భర్త పోయాక ఒక టేబులు, ఒక ఇస్త్రీ పెట్టెతో మొదలుపెట్టి, బట్టలుతికే మిషన్లు పెట్టేదాకా తెచ్చింది. పనీపాటా లేకుండా తిరుగుతున్న మరిదిని పిలిచి, మూటలు మోసే పని ఇచ్చింది. ఒక మధ్యాహ్నం దుప్పటి మడత పెడుతూ, ఎడమ చెయ్యి మాట వినడం లేదేమిటా అనుకునేలోపే ఎడమ కాలు కూడా చచ్చుబడి కూలిపోయింది.

ఆసుపత్రిలో ఉండగా షాపుకి ఎప్పుడూ వచ్చే ఒకావిడ చూడటానికి వెళ్ళి, మంచి మనసుతోనే నిప్పు పెట్టి వచ్చింది.

"షాపు గురించి మీరేం బెంగ పెట్టుకోకండి. మీ మరిదిగారు బాగానే చూసుకుంటున్నారు. కొత్త బోర్డు కూడా పెట్టించారు, ఆయన ఫొటోతో. మీ గురించి అడిగితే, మా వదిన ఇంక లేవదులెండి, ఇకనించి ఏదైనా నాతోనే మాట్లాడండి అన్నారు పాపం."

ఇంక లేవదు. ఆ మాట పట్టుకునే ఇస్త్రీ అక్క నా దగ్గరికొచ్చింది. ఏం కావాలని కొత్తవాళ్ళందరినీ నేను అడుగుతాను. కొందరు బాత్రూముకి సొంతంగా వెళ్ళగలిగితే చాలంటారు, కొందరు మనవడిని ఎత్తుకోవాలంటారు.

"నా షాపులోకి నడిచి వెళ్ళాలి. చేతిలో కర్ర ఉండకూడదు, పక్కన ఎవరి భుజమూ ఉండకూడదు. జనం ఉన్న టైములో వెళ్ళాలి. వాడు చూడాలి" అంది.

"చూశాక?"

"అప్పుడు వాడి సంగతి చెబుతా."

ముందు నిలబెట్టాను. నిలబడ్డాక ఎడమ కాలి మీద బరువు వెయ్యమంటే ససేమిరా అంది. ఒంటి బరువంతా కుడికాలికే అప్పజెప్పేది. "ఈ కాలూ మా మరిదీ ఒకటే అమ్మాయ్. నమ్మి బరువు పెడితే కూలదోస్తారు" అనేది. నవ్వొచ్చినా నవ్వకుండా, ఆవిడ ఎడమ మోకాలు నా మోకాళ్ళ మధ్య పట్టుకుని, నడుముకి కట్టిన బెల్టు ఒడిసిపట్టుకుని, వెయ్యక్కా, నేనున్నాను, వెయ్యి అని బతిమాలేదాన్ని.

రెండు కడ్డీల మధ్య నడిపించడం మొదలుపెట్టాక అసలు కష్టం వచ్చింది. నేను "ఎడమ... కుడి..." అని చెబుతుంటే ఆవిడ ఊపిరి బిగబట్టేది. మొహం ఎర్రబడేది, ఒళ్ళంతా కర్రలా అయ్యేది, పాదం ముందుభాగం నేలని గీరుకుంటూ అక్కడే ఉండిపోయేది. ఊపిరి వదలమని చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది. ఒకరోజు విసుగెత్తి, పళ్ళ సందులోంచి "దొంగ..." అంది. ఎడమ పాదం లేచింది. "...వెధవ" అంది. కుడి పాదం దాని ముందు పడింది.

ఇద్దరం కడ్డీల ఎదురుగా ఉన్న అద్దంలో ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"మళ్ళీ తిట్టక్కా" అన్నాను.

ఇందులో మాయా మర్మం ఏమీ లేదు. తిట్టాలంటే ఊపిరి బయటికి రావాలి. ఊపిరి వదిలితే ఒళ్ళు సడలుతుంది. పైగా ఆ తిట్టుకి ఒక దరువుంది, దొంగ అంటే ఎడమ, వెధవ అంటే కుడి. కోపంతో రక్తపోటు పెరుగుతుందేమోనని నాకు గుండెల్లో రాయి పడిన మాట నిజమే. నడకకి ముందూ తరవాతా చూస్తూనే ఉన్నాను. పెరగలేదు. కడుపులో దాచుకున్నప్పటికంటే కక్కేసినప్పుడే ఆవిడ కుదురుగా ఉంది. పక్క కడ్డీల్లో నడిచే రిటైరైన హెడ్మాస్టరుగారు మొదట్లో చెవులు మూసుకున్నారు. తరవాత తరవాత ఆయన పెదవులు కూడా అదే దరువుకి కదలడం నేను చూశాను. ఆయనకి ఎవరు గుర్తొచ్చేవారో నేనడగలేదు.

కడ్డీలు వదిలి నాలుగు కాళ్ళ కర్ర పట్టుకునే దశలో మరిది ఊడిపడ్డాడు. కొత్త చక్రాల కుర్చీ తోసుకుంటూ వచ్చాడు. దాని సీటుకి ప్లాస్టిక్ కవరు కూడా తియ్యలేదు.

"నీకెందుకు వదినా ఈ యాతన? హాయిగా ఇందులో కూర్చో. పడితే ఎవరు చూస్తారు, మళ్ళీ నేనే కదా!" అని అందరికీ వినపడేలా అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. అక్క మాత్రం కుర్చీని అటూ ఇటూ పరీక్షగా చూసింది.

"బాగుందిరా. మూటలు మొయ్యడానికి పనికొస్తుంది, పట్టుకుపో" అంది.

హాలంతా నవ్వింది. వాడు కుర్చీ తోసుకుంటూ వెళ్ళిపోయాడు. కానీ ఆ పంతం అక్కని ఊరికే ఉండనివ్వలేదు. చెల్లెలి ఇంట్లో ఉంటోంది అప్పట్లో. చెల్లెలు బయటికి వెళ్ళగానే కర్ర లేకుండా వంటగదిదాకా వెళ్ళబోయి పడింది. ఎముకలు విరగలేదు గానీ, చెల్లెలు వచ్చేదాకా నేల మీదే ఉండిపోయింది.

తరవాత నా దగ్గరికొచ్చిన మనిషి ఇస్త్రీ అక్క కాదు. తిట్టమంటే తిట్టలేదు. "వాడన్నది నిజమేనేమో అమ్మాయ్. లేవలేకపోయాను కదా" అంది మెల్లగా.

నాకు నిజంగా భయం వేసింది. చచ్చుబడిన కాలుంటే ఏదో తంటాలు పడగలను, చచ్చుబడిన కోపాన్ని ఏం చెయ్యాలో నాకు తెలియదు. ఆవిడని కావాలనే నేల మీద చాప మీద కూర్చోబెట్టాను. పక్కకి వాలడం, మంచి చెయ్యి ఆనించడం, మోకాళ్ళ మీదికి రావడం, ఎదురుగా పీట పట్టుకోవడం, మంచి పాదం ముందు పెట్టి లేవడం, అన్నీ చూపించాను. ఆవిడ మోకాళ్ళ దాకా వచ్చి ఆగిపోయింది. అప్పుడు నేను దూరంగా జరిగి, నడుం మీద చేతులు పెట్టుకుని, మరిది గొంతుతో హెడ్మాస్టరుగారికి చెప్పాను.

"మా వదిన ఇంక లేవదులెండి. ఇకనించి ఏదైనా నాతోనే మాట్లాడండి."

పీట కిర్రుమంది. ఆవిడ లేచింది. లేచిన ఊపులో నా చెంప పగలగొట్టడానికి కుడిచెయ్యి ఎత్తింది కూడా. ఎత్తిన చెయ్యి అలాగే ఉంచి, తను నిలబడి ఉన్నానని తెలుసుకుంది.

"నీ నోట్లో దుమ్ము కొట్ట!" అంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆ తరవాత కర్ర పోయింది, నడుం బెల్టు పోయింది. మడమకి వేసే ప్లాస్టిక్ పట్టీ మాత్రం చెప్పులోపల ఉంచుకోవాలన్నాను. చీర కుచ్చిళ్ళ కింద అది వాడికి కనపడదు కదా అని ఒప్పుకుంది.

షాపు రద్దీగా ఉండే పొద్దుటి పూట ఆటో దిగాం. ఎందుకైనా మంచిదని నేను తెచ్చిన కర్ర నా చేతికే ఇచ్చి, దగ్గరికి రావద్దంది. అయినా ఆవిడ వెనకే చేతులు చాచుకుని నడిచాను, పడితే పట్టుకోవడానికి. ఆవిడ పెదవులు కదులుతూనే ఉన్నాయి. కాలవ మీద రాయి దాటింది, గడప దాటింది. ఆ నిప్పు పెట్టినావిడ కూడా లోపలే ఉంది. ముందు ఆవిడ చూసి నోరు తెరిచింది. తరవాత మరిది తలెత్తాడు. చేతిలో ఇస్త్రీ పెట్టె ఎవరిదో చొక్కా మీద అలాగే ఉండిపోయింది.

"ముందు ఆ పెట్టె లేపరా, చొక్కా మాడుతోంది" అంది అక్క.

వాడు లేపాడు.

"ఇప్పుడు చెప్పు. ఇంక ఎవరు లేవరన్నావు? అందరూ ఉన్నారు, గట్టిగా చెప్పు."

వాడు పెట్టె పక్కన పెట్టాడు. చివరికి టేబులు చుట్టూ తిరిగి వచ్చి, "తప్పయింది వదినా" అంటూ వంగాడు.

"కాళ్ళు పట్టుకోకు!" అని కేకేశాను. "పడిపోతుంది!"

వాడు వంగినవాడు వంగినట్టే ఆగిపోయాడు. షాపులో ఎవరో కిసుక్కుమన్నారు. అక్క తొందరపడలేదు. టేబులు వెనక్కి నడిచి వెళ్ళి, తన చోట తను నిలబడి, మాడిన చొక్కా పక్కన పెట్టింది. సాయంత్రంలోగా ఆ బోర్డు దింపమంది, రేపటినించి మళ్ళీ మూటలు మొయ్యమంది.

"మోస్తాను వదినా. క్షమించానని ఒక్క మాట అనవా?"

అక్క ఎడమకాలి వంక చూసుకుంది. తరవాత షాపు పక్కనించి పైన తన ఇంటికి వెళ్ళే మెట్ల వంక చూసింది. ఆవిడ తన మంచం మీద పడుకుని ఎన్నాళ్ళయిందో.

"ఇప్పుడే ఎలా కుదురుతుందిరా?" అంది. "ఆ మెట్లన్నీ నేను ఎక్కేదాకా నువ్వు దొంగవెధవవే."