రెండువైపులా తెల్లటి పిక్క

ఇన్నేళ్ళూ ఈ మాట ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకు చెప్పలేదు, కన్నతల్లికి చెప్పలేదు. వయసు మీదపడ్డకొద్దీ మోకాళ్ళు బరువెక్కుతాయంటారు. నాకు ఇది బరువెక్కింది. నా పేరు అడక్కండి. వినండి, అంతే చాలు.

బస్తర్ ఇంకా సంస్థానంగా ఉన్న రోజులు. కొంటలో మాది బట్టల దుకాణం, ఉమ్మడి కుటుంబం. ఇంట్లో ఇద్దరు కోడళ్ళం. నేను పెద్దదాన్ని. నా తోడికోడలు రత్తమ్మ నాకన్నా నాలుగేళ్ళు చిన్నది. వాళ్ళ నాన్న భద్రాచలం దగ్గర ఒక ఊళ్ళో పిల్లలకు చదువు చెప్పేవాడు. అందుకే ఆ పిల్లకు లెక్కలంటే ఆట. సోలెడు బియ్యానికి ఇన్ని నీళ్ళయితే ఇరవైమంది చుట్టాలకు ఎన్ని అని నేను తల గోక్కుంటుంటే, తను అప్పటికే ఎసరు పెట్టేసి నవ్వేది.

ఏటా దసరా రథం చూడవచ్చే జనంలో బట్టలమ్మడానికి మగవాళ్ళు బండ్లు కట్టుకుని జగదల్‌పూర్ వెళ్ళేవాళ్ళు. బండిలో ఒక్క కోడలికే చోటు. రెండోది ఇల్లు చూసుకోవాలి. ఎవరు వెళ్ళాలో చింతపిక్క తేలుస్తుందని మా అత్తగారి తీర్పు. పిక్కను ఒకవైపు బండమీద అరగదీస్తే తెల్లబడుతుంది. తెలుపు పడితే నేను, నలుపు పడితే రత్తి.

మొదటి ఏడు నిజంగానే తెలుపు పడింది. వెళ్ళాను. మా అమ్మ జగదల్‌పూర్‌లోనే ఒంటరిగా ఉండేది. ఏడాదికి ఆ నాలుగు రోజులే నాకు అమ్మ. రెండో ఏడు పిక్క చేతిలోకి తీసుకున్నాను. నలుపు పడితే? ఎవరూ చూడకుండా ఇంకో పిక్కను రెండువైపులా అరగదీశాను. నేనే విసిరేదాన్ని, పడీపడగానే నేనే తీసి కొంగున ముడేసేదాన్ని. రత్తి ఎన్నడూ చూపించమనలేదు. అక్క మోసం చేస్తుందని ఆ పిల్ల కలలో కూడా అనుకోదు.

అడిగితే ఇచ్చేసేదే. అమ్మను చూడాలని ఉందే రత్తీ అని ఆ ఒక్క మాటంటే, ప్రతి ఏడూ నాకే వదిలేసేది. ఎందుకు అడగలేదు? పెద్దకోడల్నన్న బింకమా? చిన్నదాని దయమీద పుట్టింటికి పోవడమేమిటన్న పొగరా? ఇప్పటికీ తెలియదు.

అయిదో ఏడు కూడా తెలుపే పడ్డాక, రత్తి వంటింట్లో నేలమీద పిండితో గీతలు గీస్తూ కూర్చుంది. ఒక గీత రెండుగా చీలింది. రెండు నాలుగయ్యాయి, నాలుగు ఎనిమిదయ్యాయి.

"అక్కా, ఏడాదికి రెండు దార్లు. నీకన్న పడాలె, నాకన్న పడాలె. అయిదేండ్లకు ముప్పై రెండు దార్లయినయి. అన్నిట్ల ఒక్క దార్లనే నేను అయిదుసార్లు ఓడేది. ఆ ఒక్కటి నాకే రావాల్నా?"

అనుమానంతో అడగలేదు. లెక్కలో ఎక్కడ తప్పిందో చెప్పమన్నట్టు అడిగింది.

"ఏందే, అన్నిటికీ లెక్కలేనా? నీ నక్షత్రం అసుంటిది," అన్నాను.

"నక్షత్రమా?" అంది. కాసేపు ఆ గీతల్ని చూసి అరచేత్తో తుడిచేసింది.

పిక్క మోసం చిన్నది. ఈ మాట పెద్దది. మరుసటేడు నాకే భయమేసి, ఈసారి నువ్వు పో అన్నాను. వద్దక్కా, నేనెక్కితే బండికేమన్న అయితది అంది. పెరట్లో చిక్కుడు గింజలు నాటమంటే తన చెయ్యి మంచిది కాదనేది. నాకు కూతురు పుట్టినప్పుడు, అందరికన్నా ముందు ఉరికొచ్చి ఎత్తుకోవాల్సిన మనిషి, గుమ్మం దగ్గరే ఆగిపోయింది. ముందు వేరేవాళ్ళను ఎత్తుకోమంది. నేను దొంగకు తేలు కుట్టినట్టు కిక్కురుమనకుండా మంచంమీద పడుకుని చూశాను. అప్పుడైనా చెప్పొచ్చుగా? నోటిదాకా వచ్చింది. అంతలో అక్కణ్ణుంచే నన్ను చూసి నవ్వింది. ఆ నవ్వు మళ్ళీ దొరకదేమోనని మింగేశాను.

చెప్పడానికి ఆ తర్వాత నలభై ఏళ్ళు దొరికాయి. ఒకే పొయ్యి, ఒకే బావి. నా కూతురికి ఎక్కాలన్నీ రత్తే నేర్పింది, పలక మాత్రం తన చేత్తో పట్టుకోలేదు. జగదల్‌పూర్ రథం చూడకుండానే పోయింది. ఎంత ప్రేమించానో దాన్ని! ప్రేమించినదాన్ని అంత పని ఎలా చేశాను?

మీరు క్షమించనక్కర్లేదు. క్షమించాల్సింది మీరు కాదు. ఒక్కసారి పైకి అనాలని, అంతే.

రత్తీ, నీ నక్షత్రంలో ఏ దోషమూ లేదే. నీ లెక్క సరిగ్గానే ఉంది. నిన్ను ఓడించింది నేను.

అనేశాను.